ఎన్‌ఆర్‌ఐల ఫ్లాట్లు చూసుకోవడమే వృత్తిగా: హైదరాబాద్‌లో అద్దె ఇళ్ల నిర్వహణకు సమగ్ర మార్గదర్శి

కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు ఏ పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ తీసుకున్నా ఓనర్లలో చాలామంది అక్కడ ఉండరు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. తాళాలు మాత్రం ఎవరో ఒకరి దగ్గర ఉండాలి కదా. మొన్నటిదాకా ఆ పని నాన్నగారో, బావమరిదో, కింద ఉండే వాచ్‌మనో చూసేవారు. నాన్నగారికి డెబ్బై దాటాయి, బావమరిదికి తన ఉద్యోగమే సరిపోతోంది, వాచ్‌మన్ వేరే చోటికి మారిపోయాడు. అందుకే ఇప్పుడు పది ఇళ్లు, ఇరవై ఇళ్లు, నలభై ఇళ్లు ఒక్కరే జీతానికి కాకుండా ఫీజు తీసుకుని చూసుకునే వృత్తి ఒకటి నిలబడింది. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లకు మొదటి ఇల్లు దగ్గర్నుంచి యాభయ్యో ఇల్లు దాకా ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. బ్రోకర్‌కు ఇల్లు ఖాళీ అయినప్పుడల్లా ఆదాయం. మీకు ఇల్లు నిండి ఉన్నంత కాలం ఆదాయం. ఫీజు ఎలా తీసుకోవాలి, ఎవరికి ఇల్లివ్వాలి, రిపేరు ఎంత త్వరగా చేయించాలి అనే ప్రతి నిర్ణయం ఈ తేడా నుంచే వస్తుంది.

1. ఏరియా చిన్నది తీసుకోండి

హైదరాబాద్ మొత్తం నాదే అనుకుంటే రోజంతా అవుటర్ రింగ్ రోడ్డు మీదే గడిచిపోతుంది. ఒకటి రెండు పెద్ద కమ్యూనిటీలు, వాటి చుట్టూ మూడు నాలుగు కిలోమీటర్లు. మొదలుపెట్టడానికి అంత చాలు. ఒకే గేటు లోపల ఆరు ఫ్లాట్లుంటే ఒక్క సాయంత్రంలో ఆరూ చూసి రావచ్చు. అదే ఆరు ఇళ్లు ఉప్పల్‌లో ఒకటి, మియాపూర్‌లో ఒకటి, శంషాబాద్‌లో ఒకటి అయితే ఒక ట్యాప్ కారుతోందని ఫోన్ వచ్చినా సగం రోజు పోతుంది.

ఒకే చోట ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. ఆ కమ్యూనిటీలో ఏ బ్లాకుకు నీళ్ల ప్రెషర్ తక్కువ, ఏ వైపు ఫ్లాట్లకు పావురాల బెడద ఎక్కువ, ఎండాకాలంలో ట్యాంకర్లు ఎప్పటి నుంచి మొదలవుతాయి, అసోసియేషన్ ఆఫీసులో ఎవరితో మాట్లాడితే పని అవుతుంది, ఇవన్నీ మీకు కరతలామలకం అవుతాయి. ఓనర్ మీకు డబ్బిచ్చేది నిజానికి ఈ తెలివిడికే.

డిగ్రీ అంటూ ఏమీ అక్కర్లేదు. గేటెడ్ కమ్యూనిటీ ఫెసిలిటీ ఆఫీసులోనో, అద్దె ఇళ్లు చూపించే ఆఫీసులోనో ఏడాది పని చేస్తే చాలా తెలుస్తుంది. ఎక్సెల్ బాగా రావాలి. ప్లంబర్‌తో, అమెరికాలో ఉన్న డాక్టర్‌గారితో ఒకే మర్యాదతో మాట్లాడగలగాలి.

2. అధికారం కాగితం మీద తీసుకోండి

"మీరే చూసుకోండి బాబూ, మీ మీద నమ్మకం ఉంది" అని వాట్సాప్‌లో చెప్తే సరిపోదు. రెండు కాగితాలు కావాలి.

ఒకటి మీకూ ఓనర్‌కూ మధ్య నిర్వహణ ఒప్పందం. ఫీజెంత, ఓనర్‌ను అడగకుండా మీరు ఎంతవరకు రిపేరు చేయించవచ్చు, అద్దె ఏ ఖాతాలో పడాలి, అడ్వాన్స్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్ని రోజుల నోటీసుతో ఎవరు విడిపోవచ్చు అన్నవి అందులో ఉండాలి. అడగకుండా ఖర్చు పెట్టే పరిమితి 3,000 నుంచి 5,000 రూపాయల మధ్య పెట్టుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. అక్కడ అర్ధరాత్రి వేళ ఫ్లష్ ట్యాంక్ వాల్వ్ కోసం ఎవర్నీ నిద్ర లేపక్కర్లేదు.

రెండోది పవర్ ఆఫ్ అటార్నీ. అద్దె ఒప్పందం మీద సంతకం, అసోసియేషన్‌తో వ్యవహారాలు, కరెంటు, నీళ్లు, ఆస్తి పన్ను పనులు, అవసరమైతే ఖాళీ చేయమని నోటీసు ఇవ్వడం, అంతవరకే. అమ్మే అధికారం అందులో ఉండకూడదు. ఓనర్ ఇస్తానన్నా వద్దనండి. విదేశంలో సంతకం చేసేవాళ్లు భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించవచ్చు, లేదా అక్కడి నోటరీ దగ్గర చేసి అపోస్టిల్ (ఆ కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర) వేయించవచ్చు. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. చాలామంది కొరియర్ కవర్‌ను అలాగే బీరువాలో పెట్టేస్తారు. కోర్టు మెట్లెక్కాల్సి వచ్చిన రోజున అది పనికిరాకుండా పోతుంది.

అద్దెలకే పరిమితమైతే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, ఏజెంటుగా నమోదు అక్కర్లేదు. 2016 నాటి ఆ చట్టంలో ఏజెంటు అంటే అమ్మకాలు, కొనుగోళ్లు కుదిర్చేవాడు. రేపు ఎవరైనా "మా ఫ్లాట్ అమ్మిపెట్టండి" అంటే అప్పుడు ఆ నమోదు గురించి ఆలోచించాలి.

3. ఒక్కో ఫ్లాటుకు ఒక్కో ఫైలు

ఇల్లు చేతికి వచ్చిన రోజే ఇవి రాసుకోండి: కరెంటు మీటరుకు సంబంధించిన యూఎస్‌సీ నంబరు, జలమండలి కనెక్షన్ విడిగా ఉంటే క్యాన్ నంబరు, ఆస్తి పన్ను పీటిన్ నంబరు, అసోసియేషన్ మెయింటెనెన్స్ ఎస్‌ఎఫ్‌టీకి ఎంత, కార్ పార్కింగ్ నంబరు, గీజర్, చిమ్నీ, ఏసీల మోడల్, వారంటీ తేదీలు, గోడల రంగు షేడ్ కోడ్. ఆ షేడ్ కోడ్ రాసుకోకపోతే రేపు ఒక్క గోడకు వేయాల్సిన పెయింటు హాలంతా వేయాల్సి వస్తుంది.

ఆస్తి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కడితే హైదరాబాద్‌లో 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. మార్చి ఆఖరి వారంలోనే ఓనర్లందరికీ గుర్తు చేయండి. చిన్న పనే, కానీ ఓనర్లు ఇలాంటివి మర్చిపోరు.

తర్వాత వీడియో. మెయిన్ డోర్ దగ్గర మొదలుపెట్టి, తేదీ పైకి చెప్తూ, మీటర్ రీడింగ్ చదువుతూ, ప్రతి గది నేల నుంచి సీలింగ్ దాకా తీయండి. వార్డ్‌రోబ్ తలుపులు తెరవాలి. సింక్ కింద క్యాబినెట్‌లోకి టార్చ్ వేసి చూపించాలి. అద్దెకుండేవాళ్లు దిగేటప్పుడు వాళ్ల ముందే మరోసారి తీసి, వాళ్లకూ పంపండి. ఖాళీ చేసేటప్పుడు వచ్చే గొడవల్లో చాలావరకు "ఈ గీత ముందే ఉందా, లేదా" అన్న దగ్గరే ఆగిపోతాయి. వీడియో ఉంటే ఆ మాటే పుట్టదు. అద్దెకున్నవాళ్లకు కూడా అది రక్షణే. వాళ్లు చేయని నష్టానికి వాళ్ల అడ్వాన్స్‌లో కోత పడకూడదు.

4. అద్దె ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

ఓనర్లు సాధారణంగా పక్క ఫ్లాటుకు ఎంత వచ్చిందో విని, దానికి రెండు వేలు కలిపి చెప్తారు. వాళ్లకు లెక్క వేసి చూపించండి. 35,000 అడుగుతున్న ఫ్లాటుకు మంచి కుటుంబం 33,000 ఇస్తామంది. వద్దని నెల ఆగారు. వచ్చే నెల నిజంగానే 35,000 ఇచ్చేవాళ్లు దొరికారనే అనుకుందాం. పదకొండు నెలల్లో ఎక్కువ వచ్చేది 22,000. ఖాళీగా ఉన్న నెలకు పోయింది 33,000, పైగా ఓనరే కట్టుకోవాల్సిన మెయింటెనెన్స్ ఓ 4,500. అంటే అనుకున్న రేటు వచ్చినా 15,500 నష్టం. ఇది మాటల్లో చెప్తే ఎవరూ ఒప్పుకోరు, కాగితం మీద చూస్తే వెంటనే ఒప్పుకుంటారు.

కాలం కూడా చూడాలి. స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కుటుంబాలు ఎక్కువగా ఇళ్లు మారతాయి. ఆషాఢం వచ్చిందంటే శూన్యమాసం అని చాలామంది కదలరు. శ్రావణంలో మళ్లీ ఊపందుకుంటుంది. పుష్యంలోనూ అంతే, నెమ్మది. అందుకని ఒప్పందాలు ఆషాఢంలో ముగియకుండా చూసుకోండి. పదకొండు నెలల లెక్కలో ఓసారి అలా పడితే, పొడిగింపును తొమ్మిది నెలలకో పదమూడు నెలలకో జరపవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి ఉమ్మడి రాష్ట్రం 1999లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడ లీజు ఏడాది లోపుదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరే అని గుర్తుంచుకోండి.

ఇంట్లో దిగడం కూడా ముహూర్తాన్ని బట్టే. "సార్, శుక్రవారం పొద్దున ఆరింటికి పాలు పొంగించుకుంటాం, సామాను ఒకటో తారీఖు తెచ్చుకుంటాం" అంటారు. వెంటనే సరేననండి. అగ్రిమెంటు మీద సంతకాలు, అడ్వాన్స్ అయిపోయి ఉంటే ఆ నాలుగు రోజుల అద్దె అడగొద్దు. ముందు రోజే గడప కడిగించి, పాతవాళ్లు కట్టిన ఎండిపోయిన మామిడాకులు తీయించి, వంటగట్టు శుభ్రం చేయించి, గ్యాస్ లైను తెరిచి ఉందో లేదో చూడండి. పాలు పొంగే వేళకు స్టవ్ వెలగకపోతే ఆ ఇంటి మీద వాళ్లకు మనసు విరిగిపోతుంది.

5. ఎవరికి ఇవ్వాలి

చూడాల్సినవి మూడే: ఆదాయం అద్దెకు కనీసం మూడు రెట్లు ఉందా, పాత ఇంటి ఓనర్ ఏమంటున్నారు, ఎంతకాలం ఉంటామంటున్నారు. పాత ఓనర్‌కు ఫోన్ చేయడం చాలామంది మానేస్తారు. ఆ ఒక్క ఫోన్ జీతం స్లిప్పుల కట్ట కంటే ఎక్కువ చెప్తుంది. "మళ్లీ వాళ్లకే ఇస్తారా?" అని అడగండి చాలు.

కొందరు ఓనర్లు కులం అడగమంటారు, మతం అడగమంటారు. నేను అడగను, మీరూ అడగొద్దని నా గట్టి అభిప్రాయం. అద్దె కట్టే అలవాటుకూ ఇంటిపేరుకూ సంబంధం లేదు. మొదటి సమావేశంలోనే ఆ మాట మర్యాదగా చెప్పేస్తే, ఒప్పుకోని ఓనర్ ఇంకొకర్ని చూసుకుంటారు. బ్యాచిలర్ల విషయం వేరు. కొన్ని అసోసియేషన్ల నిబంధనలు అడ్డొస్తాయి కాబట్టి ఇల్లు చూపించకముందే అవి తెలుసుకుని చెప్పాలి. ఆ పిల్లల్ని ఊరికే తిప్పకూడదు.

గుర్తింపు కాగితాలు తీసుకున్నాక స్థానిక పోలీస్ స్టేషన్‌లో వెరిఫికేషన్ చేయించండి. ఆధార్ కాపీ మొదటి అంకెలు కనబడకుండా మాస్క్ చేసినదే తీసుకోండి. అద్దెకున్నవాళ్ల కాగితాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగనివ్వొద్దు.

6. ఒప్పందంలో ఏమేం రాయాలి

ఇది పక్కవాళ్ల ఫార్మాట్ కాపీ కొట్టే పని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకు వర్తించదు. అంటే ఇప్పుడు మీరు చూసే ఫ్లాట్లలో దాదాపు అన్నీ ఆ చట్టం బయటే. అక్కడ నడిచేది ఆస్తి బదిలీ చట్టం, మీ ఒప్పందంలోని మాటలు. నోటీసు ఎన్ని రోజులు, ఎప్పటివరకు ఉండి తీరాలి, ముందే వెళ్తే ఏమవుతుంది, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు, ఏ రిపేరు ఎవరిది, ఇవన్నీ వివరంగా తెలుగులోనూ రాసి ఇవ్వండి.

హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అడ్వాన్స్ తీసుకుంటారు. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు రెండు నెలల పరిమితే పెట్టింది. అంతకు మించి అడగాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనబడలేదు.

అద్దె కట్టకపోతే కరెంటు తీసేయడం, నీళ్లు ఆపడం, తాళం మార్చడం చేయకూడదు. ఓనర్ ఫోన్‌లో ఎంత కోప్పడినా చేయొద్దు. లిఖితపూర్వక నోటీసు, ఆ తర్వాత లాయర్, కోర్టు, అదే దారి. అడ్వాన్స్ కరిగిపోకముందే, అంటే మొదటి నెల తప్పిన పదో రోజునే, ఎదురుగా కూర్చుని మాట్లాడితే చాలా వ్యవహారాలు కోర్టు దాకా వెళ్లవు. ఉద్యోగం పోయిన కుటుంబానికి అడ్వాన్స్‌లో సర్దుకుని మర్యాదగా ఖాళీ చేసే దారి చూపించండి. ఓనర్‌కూ అదే లాభం.

7. డబ్బు, పన్ను: ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు

అద్దె మీ ఖాతాలోకి రాకూడదు. నేరుగా ఓనర్ ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్‌ఆర్‌ఐలకు ఇండియాలో వచ్చే ఆదాయం పడే బ్యాంకు ఖాతా) పడాలి. మీ ఫీజుకు విడిగా బిల్లు ఇవ్వండి. రిపేర్ల కోసం ఓనర్ కొంత ముందే పంపితే దానికి ప్రత్యేక బ్యాంకు ఖాతా పెట్టి, మీ ఇంటి ఖర్చుల ఖాతాతో కలపకండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ తిరిగి ఇవ్వడం ఆలస్యం కాకుండా, ఓనర్ తన ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఇక్కడి చెల్లింపులు చేసే అధికారం ఇంట్లో ఒకరికి ఇచ్చి ఉంచడం మంచిది.

ఇక టీడీఎస్, అంటే డబ్బిచ్చేవాళ్లే ముందుగా పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడం. ఓనర్ ఇక్కడే ఉంటే, మామూలు ఉద్యోగి అయిన అద్దెదారు నెల అద్దె 50,000 దాటినప్పుడే 2 శాతం కోయాలి. 2024 సెప్టెంబర్ దాకా అది 5 శాతం. ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే ఏ పరిమితీ లేదు. మొదటి రూపాయి నుంచి 30 శాతం, సెస్‌తో కలిపి 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. అంటే 40,000 అద్దెలో 12,480 పన్నుగా వెళ్లి, ఓనర్ ఖాతాలో 27,520 పడుతుంది. ఇందుకు అద్దెదారు ట్యాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకు ఇచ్చే నంబరు) తీసుకోవాలి, మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ వేయాలి. కోయకపోతే బాధ్యత అద్దెదారు మీదే పడుతుంది. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోసం ఓనర్ పాన్ ఇచ్చాక నోటీసు వచ్చి బెంబేలెత్తేవాళ్లు ఉన్నారు.

కాబట్టి ఇల్లు చూపించే రోజే "ఓనర్ ఎన్‌ఆర్‌ఐ, పన్ను కోయాలి, ఆ కాగితాల పని మా సీఏ చూస్తారు" అని చెప్పండి. ఓనర్‌కు కూడా ధైర్యం చెప్పండి: కోసిన పన్ను ఎక్కడికీ పోదు. ఆస్తి పన్ను, 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, ఇంటి లోను వడ్డీ పోగా నిజంగా కట్టాల్సింది చాలా తక్కువ ఉండవచ్చు, రిటర్న్ వేస్తే మిగతాది వెనక్కి వస్తుంది. అంతకాలం ఆగలేమంటే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. పన్ను తప్పించడానికి అద్దె మామగారి ఖాతాలో వేయించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మీ సంగతి: సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చేయించి 18 శాతం వేయాలి. ఓనర్ డాలర్లలో పంపినా అది ఎగుమతి కిందికి రాదు, ఆస్తి ఇక్కడుంది కాబట్టి సేవ కూడా ఇక్కడిదే.

8. రిపేర్లు: నీళ్ల మరక కథ

అపార్ట్‌మెంట్లలో వచ్చే తగాదాల్లో అన్నిటికన్నా మొండిది పై ఫ్లాటు బాత్రూమ్ నుంచి కింది ఫ్లాటు సీలింగ్‌లోకి దిగే నీళ్లు. కింది ఆయన ఫొటో పెడతాడు, పై ఆమె "మా బాత్రూమ్ పొడిగానే ఉంది" అంటుంది, అసోసియేషన్ మీరూ మీరూ చూసుకోండి అంటుంది. ప్లంబర్ వచ్చీ రాగానే టైల్స్ పగలగొడదాం అంటాడు. ఒప్పుకోకండి. ముందు కారణం పట్టుకోవాలి.

పై బాత్రూమ్‌ను రెండు రోజులు వాడకుండా ఆపించండి. కింద మరక మీద పెన్సిల్‌తో అంచు గీసి, తేదీ వేయండి. రెండు రోజులయ్యాక కూడా చుక్క పడుతూనే ఉంటే, వాడినా వాడకపోయినా నీళ్లుండే సప్లై పైపులో లీకేజీ ఉన్నట్టు. ఆగిపోతే డ్రైన్ వైపో, టైల్స్ మధ్య సందుల్లోనో. అప్పుడు నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేల మీది నీళ్లు పోయే జాలీ) నోరు గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం నీళ్లు నిలపండి. కింద తడి మొదలైతే టైల్స్ సందులు, మూలలు కారణం. చాలాసార్లు సందుల్లో నింపిన పాత గ్రౌట్ గీకి ఎపాక్సీ వేస్తే ఆగుతుంది. నిలిపినప్పుడు ఏమీ కాకుండా, గుడ్డ తీసి నీళ్లు వదిలాక కారితే ట్రాప్ జాయింటే. అక్కడ మాత్రమే పగలగొట్టాలి. ఇలా చేస్తే బాత్రూమంతా తవ్వి ఓనర్‌తో పెద్ద ఖర్చు పెట్టించే అవసరం చాలాసార్లు ఉండదు.

ఖాళీ ఫ్లాట్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. వారం పది రోజులకోసారి వెళ్లి ప్రతి డ్రైన్‌లో ఓ మగ్గు నీళ్లు పోయాలి. ట్రాపులు ఎండితే వాసన, బొద్దింకలు వచ్చేస్తాయి. కిటికీలు తెరవాలి, వార్డ్‌రోబ్‌ల వెనక చెదలు చూడాలి, బాల్కనీలో పావురాలు గూడు పెట్టకముందే నెట్ వేయించాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ ఉన్న చోట్ల గీజర్ ఎలిమెంట్లు, షవర్లు ఏడాదికోసారి శుభ్రం చేయిస్తే కొత్తవి కొనే పని తప్పుతుంది. ఏసీ సర్వీసింగ్ ఫిబ్రవరిలోనే చేయించాలి, మార్చిలో మెకానిక్ దొరకడు.

ప్లంబర్, ఎలక్ట్రీషియన్, కార్పెంటర్, పెయింటర్, ఈ నలుగురినీ కాపాడుకోండి. పని అయిన రోజు సాయంత్రమే డబ్బు పంపండి. ఆదివారం రాత్రి పైపు పగిలితే వచ్చేది ఆ రోజే డబ్బిచ్చే మనిషి పిలిస్తేనే. వాళ్ల దగ్గర మీరు కమీషన్ మాత్రం తీసుకోవద్దు. ఆ 500 చివరికి ఓనర్ జేబులోంచే వస్తుంది. అది తెలిసిన రోజున మీరు పంపే ఏ బిల్లునూ ఆయన నమ్మడు.

9. ఫీజు, ఎదుగుదల

నెల అద్దెలో 5 నుంచి 10 శాతం మధ్య తీసుకోవడం వాడుకలో ఉంది. కొత్త అద్దెదారును తెచ్చినప్పుడు విడిగా పదిహేను రోజుల అద్దె తీసుకునేవాళ్లున్నారు. ఉన్నవాళ్లే మరో ఏడాది కొనసాగితే కూడా చిన్న రెన్యూవల్ ఫీజు పెట్టుకోండి. లేకపోతే మనుషుల్ని మార్చడంలోనే డబ్బు కనబడుతుంది.

సగటున 30,000 అద్దె ఉన్న 25 ఫ్లాట్లు, 8 శాతం ఫీజు అనుకుంటే నెలకు 60,000. పెట్రోలు, ఫోన్లు, అకౌంట్లు చూసేవారికి కొంత పోతే మొదటి ఏడాది పెద్ద జీతమేమీ కాదు. 70 ఫ్లాట్లకు నెలకు 1,68,000 అవుతుంది, ఏడాదికి 20 లక్షల గీత అక్కడే దాటుతారు. కానీ నలభై ఇళ్లు దాటాక ఒక్కరే చూడలేరు. రెండో మనిషిని ఫోన్లు ఎత్తడానికి కాకుండా ఇళ్లకు వెళ్లి చూసి రావడానికి పెట్టుకోండి. ఓనర్లతో మాట్లాడటం కొంతకాలం మీ దగ్గరే ఉండాలి.

ప్రతి నెలా ఐదో తారీఖులోపు ప్రతి ఓనర్‌కు ఒక పేజీ స్టేట్‌మెంట్ వెళ్లాలి: అద్దె ఎంత వచ్చింది, పన్ను ఎంత కోశారు, మెయింటెనెన్స్, కరెంటు బకాయిలు ఏమైనా ఉన్నాయా, రిపేరు బిల్లులు, రెండు ఫొటోలు. ఏమీ జరగని నెలలో కూడా పంపండి. అడ్వర్టైజ్‌మెంట్ల వల్ల వచ్చిన ఇళ్ల కంటే, ఈ పేజీని డల్లాస్‌లో ఎవరో తన ఫ్రెండ్‌కు ఫార్వర్డ్ చేస్తే వచ్చిన ఇళ్లే ఈ వృత్తిలో ఎక్కువ.

10. ఇల్లు తిరిగి అప్పగించడం

ఓనర్ వెనక్కి వచ్చేయొచ్చు, అమ్మేయొచ్చు, లేదా ప్రతి రూపాయికీ అనుమానించే ఓనర్‌ను మీరే వదులుకోవచ్చు. ఏదైనా అప్పగింత ఒకేలా ఉండాలి. అన్ని తాళాల జతలు లెక్కపెట్టి ఇవ్వండి, డూప్లికేట్‌తో సహా. అద్దెదారుకు రాతపూర్వకంగా తెలియజేసి కొత్త కాంటాక్ట్ ఇవ్వండి. అడ్వాన్స్ ఎవరి దగ్గరుందో ముగ్గురి సంతకాలతో రాయించండి. పవర్ ఆఫ్ అటార్నీ రద్దు కాగితం అడిగి తీసుకుని, ఒరిజినల్ వెనక్కి ఇచ్చేయండి. ఫైలు, వీడియోలు, బిల్లులు అన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టి లింక్ పంపండి. అద్దెదారుల ఆధార్, పాన్ కాపీలు మీ ఫోన్లోంచి, మీ స్టాఫ్ ఫోన్లలోంచి తీసేయండి. అసోసియేషన్ ఆఫీసులో మీ పేరు తీయించేశాక ఆ ఫ్లాటు గేట్ పాస్ కూడా వాళ్లకే ఇచ్చేసి రసీదు తీసుకోండి.